కదిలితే కూసే పిట్ట

నాగమ్మగారికి డెబ్భై ఎనిమిదేళ్ళొచ్చినా ఇంతవరకూ ఒక్క పొరపాటూ జరగలేదు, ఆవిడతో ఉన్న చిక్కల్లా అదే, అనుకుంది ఫ్లోరెన్స్, డాబా మీద నీళ్ళ టాంకు నీడలో పీట వేసుకుని కూర్చుంటూ. కూరలో ఉప్పెక్కువైతే ఉప్పు అమ్మినవాడిది తప్పు, రైలు తప్పిపోతే స్టేషన్లో గడియారానిది తప్పు. ముప్పై మూడేళ్ళు మిషను స్కూల్లో లెక్కలు చెప్పిన అత్తగారు మరి. ఎప్పుడైనా చెయ్యి జారి బోర్డు మీద ఏడెనిమిదులు యాభై నాలుగు అని రాస్తే, వెనక బెంచీలోంచి ఎవడో లేచి యాభై ఆరండి టీచర్ అంటే, "చూశారా, మీరు మేలుకునే ఉన్నారో లేదో చూద్దామని రాశాను" అనేదట. ఆ వెనక బెంచీవాడు వేరే ఎవరో కాదు, ఆవిడ కొడుకు జాన్సనే, ఇరవై మూడేళ్ళుగా ఫ్లోరెన్సుకి మొగుడు. తల్లిని సరిదిద్దడం ఆ రోజుతోనే మానేశాడు. అంతెందుకు, మూడు వారాల కింద వెనక వసారాలో పడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకుని, కట్టు కట్టించుకుంటూ డాక్టరుగారితో ఏమంది, "నేను పడలేదండి, బండ జారింది" అంది. డాక్టరుగారు బుద్ధిగా అలాగే రాసుకున్నాడు కూడా.

సరే, ఆ బండ మళ్ళీ జారకుండా ఉండటానికే ఇప్పుడు ఫ్లోరెన్స్ ఒళ్ళో ఈ తెల్ల ప్లాస్టిక్ డబ్బా. వైర్లు లేని కాలింగ్ బెల్లు. కింద వెనకగదిలో నాగమ్మగారు పడుకున్న మంచానికి ఎదురుగా కుర్చీకాలికి ఒక బుల్లి సెన్సారు కట్టి ఉంది. ఆవిడ కాళ్ళు నేల మీద పెట్టగానే అది పసిగడుతుంది, పక్కనే ఉన్న ట్రాన్స్‌మిటర్ గాల్లోకి కబురు వదులుతుంది, ఆ కబురు గోడలూ స్లాబూ దాటుకుని వచ్చి ఈ డబ్బాలో పిట్ట కూతైపోతుంది. ముప్పై రెండు రకాల చప్పుళ్ళున్నాయి దీన్లో. మిగతావన్నీ పెళ్ళి బాజాల్లా ఉన్నాయని పిట్ట కూతని అత్తగారే ఎంచింది. ఆ పిట్ట ఇంకో గంటలోపు కూయాలి. కూస్తే నాగమ్మగారు తెనాల్లో ఉంటుంది, కూయకపోతే సాయంత్రం బండికి రేపల్లె వెళ్ళిపోతుంది. ఈ మాట అన్నది ఆవిడ కూతురు, ఫ్లోరెన్సుకి వదిన, సారా. నిన్న ఫోన్లో ఎంతో నెమ్మదిగానే అంది. "నిన్ననడం లేదమ్మా ఫ్లోరా, నువ్వొక్కదానివి ఎంతకని కనిపెట్టుకునుంటావు. రేపు మధ్యాహ్నం బండికొస్తాను. ఆ బెల్లేదో చేశానంటున్నావుగా, నా ఎదురుగా మోగితే సంతోషం. లేదంటే అమ్మని తీసుకెళ్తాను. మా ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు." నిన్ననడం లేదు అని మొదలుపెట్టి అన్న మాటలకి జవాబేం చెబుతారు ఎవరైనా.

నిజానికి ఎగిరి గంతేయాలి. అత్తగారు రేపల్లె వెళ్తే పొద్దున్నే కాఫీ కాదు టీ అన్న గొడవుండదు, ఈస్టరుకి ముందొచ్చే శ్రమదినాల నలభై రోజులూ ఆవిడ పంచదార మానేసిందని ఇల్లంతా చప్పటి టీ తాగక్కర్లేదు, చిక్కుడుకాయ ఈనె తీస్తుంటే పక్కన కూర్చుని నాలుగోదానికి ఈనె మిగిలిపోయింది చూడు అనేవాళ్ళుండరు. ఆదివారం గుడికి ఆవిడకంటే ముందు తయారవ్వాలన్న పందెమూ ఉండదు. ఇవన్నీ నిన్న రాత్రి అంట్లు తోముకుంటూ వరసగా తలుచుకుంది ఫ్లోరెన్స్, ఒక్కొక్కటీ తలుచుకున్నకొద్దీ తోమిన గిన్నెనే మళ్ళీ తోమడం మొదలుపెట్టింది. నాలుగో చిక్కుడుకాయ సంగతి చెప్పేవాళ్ళు లేకపోతే ఇంక కూర ఎవరి కోసం బాగా చేయాలి. జాన్సన్ సంగతి చెప్పక్కర్లేదు, పొద్దున్న బాపట్ల బండెక్కి రాత్రి దిగే మనిషి, పెట్టింది తింటాడు, ఏం తిన్నావని అడిగితే కూర అంటాడు.

రెండున్నర దాటింది. నాగమ్మగారి మధ్యాహ్నం నిద్రకి ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలారం అవసరం రాలేదు, రెండున్నరకి కళ్ళు తెరుస్తుంది, బాత్రూంకి వెళ్ళొస్తుంది, అమ్మాయ్ టీ అంటుంది. నిన్న సాయంత్రం ఆవిడ కాళ్ళు దించగానే పిట్ట కూసింది, ఇవాళ పొద్దున కూడా కూసింది. ఇప్పుడే మౌనవ్రతం. బ్యాటరీ అయిపోయిందేమో, అతుకు ఊడిందేమో. పోనీ ఒక్కసారి దిగి తలుపు సందులోంచి చూసొస్తే? వీల్లేదు. మాటిచ్చింది. ఈ యంత్రం పెట్టించుకోవడానికి నాగమ్మగారు విధించిన షరతే అది. "పెట్టుకో. కానీ అది కూయకుండా నువ్వు తొంగి చూడకూడదు. ఒక మనిషికి రెండు కాపలాలేంటి." మళ్ళీ డబ్బాని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. లోపల బ్యాటరీలు మాత్రం కిటకిటలాడాయి.

కెమెరా పెట్టిస్తే పోలా అన్నాడు జాన్సన్ మొదట్లో, చెప్పులు విప్పుతూ. "నా గదిలో కన్ను పెడతావురా" అంది తల్లి, అంతటితో కెమెరా సంగతి ముగిసింది. చూడకుండా తెలుసుకునేది కావాలి. అలాంటిదొకటి ఉందని ఫ్లోరెన్సుకి ఎక్కడో లోపల తెలుసు, బాపట్ల కాలేజీలో చదువుకున్న బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ పెళ్ళిచీర కింద ట్రంకు పెట్టెలో ఇరవై మూడేళ్ళుగా మడతపెట్టి ఉంది. ఒంటివేడి అటూ ఇటూ కదిలితే చాలు ఆ సెన్సారుకి తెలిసిపోతుంది, మొహం చూడదు, చీర ఎలా కట్టుకున్నారో చూడదు, ఎవరికీ చూపించదు. తెప్పించింది. వంటింటి గట్టు మీద, కుక్కర్ పక్కన, వైర్లు అతికే సాల్డరింగ్ ఐరన్ వేడెక్కి ఆ మొన నుంచి మొదటి పొగ లేచినప్పుడు ముక్కులోంచి తిన్నగా బాపట్ల వచ్చేసింది, లాబ్ కిటికీలు, సముద్రం వైపు నుంచి కొట్టే జిడ్డుగాలి, తెల్లకోటు చేతులు మడుచుకున్న స్నేహితురాలు హెలెన్, పరీక్ష రోజు తను ట్రాన్సిస్టర్ కాళ్ళు తిరగేసి పెడితే సారు వంగి చూసి, "అమ్మాయ్, దాన్ని తలకిందులుగా నిలబెట్టావు, కళ్ళు తిరగవూ పాపం" అనడం. ఈసారీ తలకిందులుగానే పెట్టింది. కొన్ని విషయాల్లో మనిషి ఎదగడు.

నాగమ్మగారు కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని వంటింటి గడప దగ్గర కుర్చీ వేయించుకుని ఈ తతంగమంతా చూసేది. అడిగితే చెప్పక తప్పదు గదా. సెన్సారు ఇచ్చేది మూడు ఓల్టులే అత్తయ్యా, దానికి బెల్లు బటన్ నొక్కే ఓపిక లేదు, అందుకని మధ్యలో ఈ ట్రాన్సిస్టరు. ఆ మూడు ఓల్టులూ దీన్ని తట్టి లేపితే, ఇది వేలులా పనిచేసి బటన్ నొక్కుతుంది, అప్పుడు ట్రాన్స్‌మిటర్ కబురు పంపిస్తుంది. "అంటే క్లాసు మానిటరన్నమాట. టీచరు కనుసైగ చేస్తుంది, వాడెళ్ళి గంట కొడతాడు." అంతే అత్తయ్యా. కానీ కొట్టలేదు. రెండు రోజులు కొట్టలేదు. సెన్సారు విడిగా బాగుంది, చేత్తో నొక్కితే బెల్లూ బాగుంది, రెంటినీ కలిపితే మాత్రం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు. మూడోరోజు పప్పు మాడిపోయింది. పారేద్దాం ఇంక అని ఐరన్ పక్కన పెట్టేస్తుంటే గడప దగ్గర్నుంచి నాగమ్మగారు, "ఇది మూడు అంటుంది, సరే. ఎక్కణ్ణుంచి లెక్కపెడితే మూడు? దీని సున్నా, దాని సున్నా ఒకటేనా?" అంది. ఫ్లోరెన్స్ ఐరన్ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. సెన్సారుకి పాత ఫోను ఛార్జరు, ట్రాన్స్‌మిటర్‌కి దాని బుల్లి బ్యాటరీ. ఎవరి మైనస్సు వాళ్ళది, ఎవరి సున్నా వాళ్ళది. బీఎస్సీ మొదటి సంవత్సరం మొదటి పాఠం. ఆ రెండు మైనస్సులనీ కలుపుతూ ఒక జానెడు నల్లవైరు అతికించి చెయ్యి ఆడించేసరికి పిట్ట కూసింది. నాగమ్మగారు గొప్ప చెప్పుకోలేదు, మెచ్చుకోనూ లేదు. "పప్పు మళ్ళీ పెట్టు" అంది. ఆ క్షణంలో ఆవిడ నెరిసిన పాపిట మీద ముద్దు పెట్టుకోవాలనిపించింది ఫ్లోరెన్సుకి. అలాంటి అలవాట్లు ఆ ఇంట్లో లేవు కాబట్టి పప్పు కడిగింది.

ఇంకో రెండు రోజులు పక్కింటివాళ్ళకి పండగైంది. శివరామయ్యగారింట్లోనూ అదే కంపెనీ బెల్లు, అదే భాష. ఇక్కడ నాగమ్మగారు కాలు కదిపినప్పుడల్లా అక్కడ మాణిక్యాంబగారు చెయ్యి తుడుచుకుంటూ వీధి తలుపు తీసి, ఎవరూ లేకపోతే పోస్టుమ్యాన్ని తిట్టుకుని వెళ్ళిపోయేది. నాగమ్మగారికి ఆ సంగతి తెలిశాక రెండుసార్లు కావాలనే కాలు ఆడించిందని ఫ్లోరెన్సుకి అనుమానం. తర్వాత బెల్లు విప్పి లోపలి మీట నొక్కి కొత్తగా జత కట్టాక ఎవరి పిట్ట వాళ్ళదైంది. అన్నీ అయ్యాక ఒక లోపం మిగిలింది, అది ఎవరూ బాగుచేయగలిగింది కాదు. కదలని మనిషిని ఇది చూడలేదత్తయ్యా, అని నిజం చెప్పేసింది. "గోడకీ నాకూ తేడా తెలీదన్నమాట" అంది నాగమ్మగారు సెన్సారు వైపు జాలిగా చూసి.

కదలని మనిషి. రెండూ నలభై ఐదు. ఆ మాట పక్కకి జరగడం లేదు. ఆవిడ పడితే, పడి కదలకుండా ఉంటే, కానీ పడేముందు కాళ్ళు దించాలి గదా, దించితే కూయాలి గదా, కూయలేదు గనుక దించలేదు, దించలేదు గనుక పడలేదు, ఇది లెక్క. కానీ లెక్క బోర్డు మీదే బాగుంటుంది. శివరామయ్యగారి కొబ్బరిచెట్టు గాలికి మట్టల్ని ఒరుసుకుంటోంది. ఈ చెట్టు ఆ రోజు కూడా ఇలాగే ఒరుసుకుంది. ఫ్లోరెన్స్ పీట మీద అటు తిరిగి కూర్చుంది, చెట్టు కనిపించకుండా. కనిపించకపోతే వినిపించడం మానేస్తుందా. ఆ రోజు బట్టలు తీయడానికి పైకొచ్చాను, ఏమీ వినపళ్ళేదు. ఈ వాక్యం జాన్సన్‌తో చెప్పింది, డాక్టరుతో చెప్పింది, పాస్టరుగారు ప్రార్థనకి వస్తే ఆయనతో చెప్పింది, చెప్పగా చెప్పగా నున్నగా అరిగి గులకరాయిలా అయింది. బట్టలు తీయడం రెండు నిముషాల పని. మిగతా పొద్దంతా ఈ టాంకు నీడది. ఎవరూ ఏదీ అడగని చోటు తెనాలి మొత్తం మీద ఇదొక్కటే ఆమెకి, ఆదివారం పేపర్లో పజిలు బట్టల మధ్యలో పెట్టుకుని తెచ్చుకుంటుంది, ఒక పెన్సిలు కొప్పులో. ఆ రోజు అడ్డం పద్నాలుగు దగ్గర ఉంది. ధబ్ మంది. విన్నది. స్పష్టంగా విన్నది. కొబ్బరిమట్ట పడ్డట్టుంది, అనుకుంది. కొబ్బరిమట్ట అయితే పక్కింటి రేకుల మీద పడాలి, రేకులు మోగాలి, రేకులు మోగలేదు అని చెవికి తెలుసు, చెవి ఆ సంగతి లోపలికి చెప్పబోయింది, ఆగు ఇంకొక్క పది నిముషాలు అంది తను. చెవితో. పది కాదు నలభై. దిగేసరికి నాగమ్మగారు వసారాలో పక్కకి ఒరిగి, ఒక చెయ్యి కింద పడిపోయి, కళ్ళు తెరుచుకుని, "ఈ వసారాలో నూటపన్నెండు బండలున్నాయే అమ్మాయ్" అంది. ఏడవలేదు, అరవలేదు, ఇంతసేపూ ఏం చేస్తున్నావని అడగలేదు. అడిగినా బాగుండేది. సారా వదిన ఆసుపత్రికొచ్చి, నీ తప్పేముందమ్మా పైనుంటే వినపడదుగా అని భుజం నిమిరింది. ఆ నిమిరిన చోటు ఇప్పటికీ చురుక్కుమంటుంది. అసలు ఈ సెన్సారెందుకు, ఈ ట్రాన్స్‌మిటరెందుకు, వినే చెవి ఒకటి ఇంట్లో ఉండనే ఉంది గదా, విన్నాక లేచే కాళ్ళే లేకపోయాయి. అవి సాల్డర్ చేస్తే వస్తాయా.

దూరంగా బండి కూత. రేపల్లె బండే. స్టేషన్నుంచి ఆటోలో పది నిముషాలు. సారా వదిన సంచిలో ఎండురొయ్యలు తెస్తుంది, తెచ్చి అమ్మని తీసుకెళ్తుంది, మారకం. కుయ్యవే, కుయ్యవే తల్లీ, ఒక్కసారి, ఆవిడ పక్కింటి మాణిక్యాంబగారిని ఏడిపించినట్టుగానైనా సరే ఒక్కసారి కాలు ఆడిస్తే నీదేం పోయింది. మూడు దాటింది. ఆవిడ రేపల్లెలో ఎవరితో తగువుపడుతుంది, అక్కడందరూ మెత్తటివాళ్ళు, అవునమ్మా అవునమ్మా అనేవాళ్ళు, ఆవిడ చెప్పిన యాభై నాలుగుని యాభై నాలుగే అని ఒప్పేసుకునేవాళ్ళు, అలా ఒప్పుకుంటూపోతే ఆ మనిషి ఏమైపోవాలి

ధబ్.

ఈసారి చెవి ఏమీ చెప్పకముందే కాళ్ళు లేచాయి. పీట తన్నుకుంది, పెన్సిలు రాలింది, డబ్బా చేతిలోనే ఉంది, మెట్లు రెండేసి చొప్పున, నలభై ఆరేళ్ళ మనిషి చీర పైకి పట్టుకుని, రేకులు మోగాయి గదా అని చెవి వెనకనుంచి అరుస్తోంది, మోగాయి, ఇది నిజంగా కొబ్బరిమట్టే, మోగితే మోగనీ, వసారా, నూటపన్నెండు బండలూ ఖాళీ, గది తలుపు తోసి గడప దాటి కుర్చీ ముందు నుంచి దూసుకెళ్ళింది. ఆమె చేతిలోనే పిట్ట కూసింది.

నాగమ్మగారు మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కాళ్ళు రెండూ పైకి మడుచుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, బొమ్మలా.

"ఏంటా పరుగు" అంది.

"ఎప్పుడు లేచారు అత్తయ్యా?"

"ఎప్పుడూ లేచే వేళకే."

"మూడుంపావైంది. అప్పట్నుంచీ ఇలా కూర్చునే ఉన్నారా?"

"కాలు దించితే నీ పిట్ట కూస్తుందిగా. అది కూస్తే నువ్వు దిగొస్తావు." నాగమ్మగారు కిటికీ వైపు చూసింది. "పగలంతటికీ నీకున్నది ఆ కాసేపే. మూడు వారాల్నుంచి పజిలు కూడా నింపట్లేదు. బట్టల మధ్యలో పెట్టుకుని తీసుకెళ్తావని నాకు తెలీదనుకున్నావా."

"మరి బాత్రూంకి?" అని అడిగింది ఫ్లోరెన్స్.

"ఆపుకున్నాను. స్కూల్లో ముప్పై మూడేళ్ళు ఆపుకున్నదాన్ని, ముప్పావుగంట ఒక లెక్కా."

వెనక గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. సారా, భుజాన సంచితో, మొహమంతా చెమటతో. "మోగిందే ఫ్లోరా, నేను గేటు దగ్గరుండగానే విన్నాను. పనిచేస్తోందిగా. ఎందుకొచ్చిన ప్రయాణమో నాది, ఊరికే హడావిడి పడ్డాను" అని నవ్వింది.

ఇక్కడ ఊరుకుంటే సరిపోయేది. పిట్ట కూసింది, వదిన విన్నది, అత్తగారు ఉంటుంది, టీ పెట్టుకోవచ్చు. కానీ మంచం మీద ఆ మడుచుకున్న కాళ్ళున్నాయి, పాదాలు వంకర్లు తిరిగి, మడమలు పగిలి. ఇన్నాళ్ళూ అరగదీసిన గులకరాయి గొంతులోంచి బయటికి దొర్లింది.

"అది అత్తయ్యని చూసి కూయలేదు వదినా, నన్ను చూసి కూసింది. ఆ రోజు కూడా, ఆ రోజు అత్తయ్య పడ్డ చప్పుడు నాకు వినపడింది. కొబ్బరిమట్ట అనుకున్నాను. కాదని తెలుస్తూనే ఉంది, అయినా పజిలు నింపుకుంటూ కూర్చున్నాను. నలభై నిముషాలు."

సారా సంచి కింద పెట్టింది. ఎండురొయ్యల వాసన మెల్లగా గదంతా నిండింది.

"సారా, దాన్నలా చూడకు" అంది నాగమ్మగారు.

"నేనేమన్నానే అమ్మా."

"అనలేదు, అనబోతున్నావు." ఒక్కొక్క కాలే దించింది నాగమ్మగారు. మొదటి పాదం నేలకి తగలగానే ఫ్లోరెన్స్ చేతిలో పిట్ట కూసింది. ఆవిడ అది కూసి ఆగేదాకా, ప్రార్థన బెల్లు అయ్యేదాకా నిలబడ్డ టీచరులా, ఓపిగ్గా ఆగింది. "మూడొందల మంది పిల్లల్ని మైకు లేకుండా నిలబెట్టిన గొంతు నాది. ఆ మెట్లెక్కి డాబా మీదికి వెళ్ళలేదా అది? అమ్మాయ్ అని ఒక్క కేక వేస్తే చాలు. ఇది పైన పడుకున్నదేమో, కాసేపు పోనీలే అనుకున్నాను. అనుకుని బండలు లెక్కపెడుతూ ఉండిపోయాను."

"నొప్పికి నోరు పెగల్లేదేమోలే అమ్మా" అంది సారా, తల్లికి దారి చూపిస్తూ. ఫ్లోరెన్స్ కూడా ఆగింది. ఆ దారి ఎటు వెళ్తుందో ఇరవై మూడేళ్ళుగా తెలుసు, ఇంకొక్క క్షణంలో బండదో, ఈ ఇల్లు కట్టిన మేస్త్రీదో తప్పైపోతుంది.

"బాగానే పెగిలింది. నూటపన్నెండూ పైకే లెక్కపెట్టాను" అంది నాగమ్మగారు. విరగని చెయ్యి కోడలి వైపు చాపింది, లేవడానికి. ఫ్లోరెన్స్ పట్టుకుంది. ఆ చెయ్యి అనుకున్నదానికంటే తేలిగ్గా, వెచ్చగా ఉంది. "సాయంత్రం బండికి నువ్వెళ్ళవే సారా. నేనిక్కడే ఉంటాను. ఆ డాక్టరు కాగితం మీద కూడా మార్చి రాయమని చెప్పండి."

"ఏమని అత్తయ్యా?"

నాగమ్మగారు గొంతు సవరించుకుంది, బోర్డు తుడిచి మళ్ళీ రాసే ముందు సవరించుకున్నట్టు.

"బండ జారలేదు, నేనే పడ్డాను. పడ్డాక పిలవాల్సింది, పిలవలేదు. తప్పు నాది."